నెగటివ్ అన్నావు గదా అమ్మడూ

"నెగటివ్ అన్నావు గదా అమ్మడూ."

బాబాయ్ ఫోన్లో ఈ మాట అన్నప్పుడు నేను భీమవరంలో మా ల్యాబ్ మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాను. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని. లెక్క చూసుకుంటూ ఒక అంకె దగ్గర ఆగిపోయినవాడు పక్కనున్నవాళ్ళని అడిగినట్టు అడిగాడు, అంతే.

సీడ్ వేసి అప్పటికి అరవై రెండు రోజులు. వంద కౌంటుకి రావలసిన రొయ్య రెండొందల యాభై దగ్గర ఆగిపోయింది. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. బాబాయ్ చెరువులో రొయ్య చచ్చిపోలేదు. మేత తింటోంది, తిరుగుతోంది, చెక్‌ట్రే ఎత్తితే ఎగిరిపడుతోంది. ఎదగడం మాత్రం లేదు. రోజూ మేతకట్టలు చెరువులోకి పోతున్నాయి, ఏరియేటర్లు రాత్రీ పగలూ తిరుగుతున్నాయి, కరెంటు బిల్లు వస్తోంది. చస్తే ఏడ్చి చెరువు ఖాళీ చేసుకోవచ్చు. బతికే ఉంటే ఏం చేస్తాం?

ఆ సీడ్ శాంపిల్‌ని పరీక్ష చేసింది నేనే. వైట్ స్పాట్ నెగటివ్. ఈహెచ్‌పీ నెగటివ్. రిపోర్టు కింద సంతకం నాది.

*

మాది కామవరపుకోట. సముద్రానికీ మాకూ ఏ సంబంధమూ లేదనుకుంటూ పెరిగాను. మాది మెట్ట. పొగాకు, మొక్కజొన్న, మామిడి, జీడిమామిడి, తర్వాత తర్వాత పామాయిల్, దాని నీడన కోకో. బళ్ళో చదివేటప్పుడు మా విహారయాత్ర గుంటుపల్లి గుహలకే. రెండువేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు కొండని తొలిచి ఉన్న చోటు. మాకు నీళ్ళంటే బోరు. ఎవరి బోరు ఎన్ని అడుగులకి పడింది, ఎవరిది ఎండిపోయింది అన్నదాన్ని బట్టే మా వూళ్ళో ఎవరి స్థితి ఏమిటో తెలిసేది. ఏలూరు దాటి కిందికి వెళితే కాలవలు, వరిచేలు, చేపల చెరువులు, కొల్లేరు. దాన్నంతా మా వాళ్ళు ఒకే మాటలో 'పల్లం' అనేసేవాళ్ళు. ఆ మాటలో కాస్త అసూయ, కాస్త వెటకారం రెండూ ఉండేవి.

చాలా ఏళ్ళ తర్వాత, ఉద్యోగం కోసం చదువుకుంటూ పటం ముందు కూర్చున్నప్పుడు గానీ నాకు తెలియలేదు, మెట్ట నుంచి దిగే తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అన్నీ వెళ్ళి కొల్లేట్లోనే కలుస్తాయని. కొల్లేరు నుంచి ఉప్పుటేరు, ఉప్పుటేరు నుంచి బంగాళాఖాతం. నీళ్ళు వెళ్ళిన దారినే మనుషులూ వెళ్ళారు. రెండు బోర్లు ఎండిపోయాక బాబాయ్ ఊళ్ళో పొలం కౌలుకిచ్చేసి, ఆకివీడు వైపు నాలుగెకరాల చెరువు లీజుకి తీసుకున్నాడు. "అందరూ దిగుతున్నారు, మనమూ దిగుదాం," అన్నాడు. మా నాన్న వద్దన్నాడు. బాబాయ్ నా వైపు చూపించి, "మన పిల్ల ల్యాబులో ఉండగా మనకేంటి?" అన్నాడు.

ఆ మాట అప్పుడు నాకు గర్వంగా అనిపించిందని ఒప్పుకోవాలి.

*

నేను ఈ రంగంలోకి వచ్చేటప్పటికి పల్లంలో రొయ్యకి పెద్ద చరిత్రే ఉంది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య జోరు. 1994-95లో వైట్ స్పాట్ వైరస్ వచ్చి ఆ చెరువులని ఊడ్చేసింది. 1996 డిసెంబరులో తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం. 2006లో కొల్లేరు అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లని ప్రభుత్వం పొక్లెయిన్లతో తెగ్గొట్టింది. ఆ దృశ్యాలు టీవీలో చూడటం నాకు లీలగా గుర్తు. ఆ తర్వాత 2009లో వనామికి అనుమతి వచ్చింది. అది మన రొయ్య కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. దాన్ని తరతరాలుగా వడగట్టి, ఫలానా రోగాలు లేని సంతతిగా మొదట తయారుచేసింది హవాయిలో. ఆ తల్లి రొయ్యలు విమానంలో చెన్నై వచ్చి, అక్కడి క్వారంటైన్‌లో ఉండి, ఆ తర్వాత మన హేచరీలకి చేరతాయి.

అంటే హైదరాబాదులో మీరు ఆర్డర్ పెట్టే రొయ్యల ఫ్రై వెనక ఒక విమాన ప్రయాణం ఉంది, ఒక వంశవృక్షం ఉంది, దాన్ని రాసిపెట్టుకున్న కంపెనీ ఉంది. చెరువు మాత్రం మా బాబాయ్ లాంటివాళ్ళది. అదీ లీజు చెరువు.

*

నా పని పీసీఆర్. కోవిడ్ పుణ్యమా అని ఈ మాట ఇప్పుడు అందరికీ తెలుసు. రొయ్యలోళ్ళకి అంతకు చాలా ముందే తెలుసు. భీమవరంలో టీకొట్టు దగ్గర నిలబడితే "పీసీఆర్ కొట్టించావా?" అన్న మాట వినపడుతుంది. అక్షరం ముక్క రానివాళ్ళ నోట్లోనూ ఆ మాట ఉంటుంది.

ఈ పద్ధతిని 1983లో క్యారీ ముల్లిస్ ఆలోచించాడు, పదేళ్ళకి నోబెల్ వచ్చింది. చూడాలనుకున్న జన్యుపదార్థపు ముక్క ఒకటి ఉంటే దాన్ని రెండు, నాలుగు, ఎనిమిది చేసుకుంటూ పోయి కోట్లు చేసి కంటికి కనిపించేలా చేయడం. ప్రతి విడతలోనూ గొట్టాన్ని దాదాపు మరిగే వేడికి తీసుకెళ్ళాలి. ఆ వేడిలో మామూలు ఎంజైమ్ పాడైపోతుంది. తట్టుకునేది అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గలో బతికే ఒక బాక్టీరియాలో దొరికింది. 1960లలో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త దాన్ని కనిపెట్టాడు. ఆ ఎంజైమ్ మీద తర్వాత కంపెనీలు కోట్ల డాలర్లు సంపాదించాయి. బుగ్గ ఉన్న పార్కుకి అందులోంచి ఒక్క డాలరూ రాలేదు. చదువుకునేటప్పుడు ఇది నాకొక సరదా కథ. ఇప్పుడు ఆ కథలో పార్కు స్థానంలో ఎవరున్నారా అని ఆలోచిస్తాను.

మా దగ్గరికి శాంపిల్ ఎలా వస్తుందో చెబుతాను. హేచరీలో లక్షల పిల్లలున్న ట్యాంకు నుంచి కొన్నిటిని పట్టి, ప్లాస్టిక్ కవర్లో నీళ్ళు పోసి, రబ్బరుబ్యాండు వేసి పంపుతారు. ఎక్కువసార్లు తెచ్చేది ఏజెంటు. వాటిలోంచి 150 పిల్లల్ని తీసి నూరి పరీక్ష పెడతాం. ఎందుకు 150? ట్యాంకులో నూటికి రెండు పిల్లలకి రోగం ఉంటే, యాదృచ్ఛికంగా పట్టిన 150లో కనీసం ఒక్కటైనా రోగమున్నది పడే అవకాశం నూటికి 95 కాబట్టి. ఇది లెక్కల్లో బలమైన మాట.

ఇప్పుడు అదే లెక్కని తిప్పి చూడండి. నూటికి రెండు కాకుండా ఒక్కదానికే రోగం ఉందనుకుందాం. అప్పుడు 150 పిల్లల్లో ఒక్కటీ పడకుండా తప్పిపోయే అవకాశం నూటికి 22. యంత్రం తప్పు చేయకుండా, నా చెయ్యి వణక్కుండా, అన్నీ సవ్యంగా జరిగినా అంతే. అంటే ప్రతి ఐదు రిపోర్టుల్లో ఒకటి 'నెగటివ్' అని అబద్ధం కాని అబద్ధం చెబుతుంది. బాబాయ్ నాలుగెకరాల్లో వేసింది నాలుగు లక్షల పిల్ల. అందులో నూటికి ఒకటంటే నాలుగువేలు. నాలుగువేల రోగిష్టి పిల్లలు నా సంతకం పక్కనుంచి నడుచుకుంటూ చెరువులోకి వెళ్ళిపోవచ్చు.

రిపోర్టు మీద ఈ మాట ఎక్కడా ఉండదు. 'నెగటివ్' అని ఉంటుంది. అదీ ఇంగ్లీషులో.

*

ఈహెచ్‌పీ అన్నది వైరస్ కాదు, బూజు జాతికి దగ్గరి చుట్టమైన ఒక సూక్ష్మజీవి. 2009లో థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలు టైగర్ రొయ్యలో దాన్ని గుర్తించి పేరు పెట్టారు. రొయ్యకి మన కాలేయంలా పనిచేసే అవయవంలో చేరి, తిన్నది ఒంటికి పట్టకుండా చేస్తుంది. మందు లేదు. దాని బీజాలు చెరువు అడుగున మట్టిలో దాక్కుని, తర్వాతి పంటకి సిద్ధంగా ఉంటాయి. వాటిని చంపాలంటే చెరువు బాగా ఎండగట్టి, హెక్టారుకి 6 టన్నుల చొప్పున కాల్చిన సున్నం వేసి, దున్ని, తడిపి, మట్టి క్షారగుణాన్ని పీహెచ్ 12 దాకా ఎక్కించాలి.

బాబాయ్ చెరువు ఎండలేదు. ముందు లీజుదారు పట్టుబడి అయిన ఇరవై రోజులకే ఈయన నీళ్ళు పెట్టాడు. లీజు మీటరు తిరుగుతూ ఉంటుంది, చెరువు ఎండుతున్న ప్రతి రోజూ డబ్బే. సున్నం వేశాడు గానీ చెప్పినంత వేయలేదు.

కాబట్టి రోగం సీడ్‌తో వచ్చిందా, మట్టిలో ముందే ఉందా? ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. హేచరీవాళ్ళు నా రిపోర్టు చూపించి, "మా పిల్ల నెగటివ్, మీ చెరువులోనే ఏదో ఉంది," అన్నారు. చెరువు యజమాని, "నా చెరువులో పోయినసారి ముప్పై కౌంటు తీశారు, నీ సీడే తేడా," అన్నాడు. మేత డీలరు నీళ్ళలో మినరల్స్ తక్కువన్నాడు. మందుల షాపతను ఇంకో డబ్బా ఇచ్చాడు. ఎవరి దగ్గర వాళ్ళకి తగ్గ సాక్ష్యం ఉంది. బాబాయ్ దగ్గర మాత్రం చిన్న రొయ్యలున్నాయి.

మా ల్యాబూ అంతే. మేము తప్పు చేయలేదు. ఆ వాక్యం నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. తప్పు చేయకపోవడం, సాయం చేయడం ఒకటి కాదని తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది.

చివరికి రెండొందల పాతిక కౌంటు దగ్గర పట్టేశాడు. మేత బాకీ కూడా తీరలేదు.

*

ఆ తర్వాత రెండు నెలలకి ల్యాబ్ తరఫున విశాఖలో ఒక సమావేశానికి వెళ్ళాను. మెరైన్ బయోటెక్నాలజీ క్లస్టర్ గురించి. చల్లటి హాలు, కిటికీలోంచి సముద్రం. కేంద్రం 2024 ఆగస్టులో తెచ్చిన బయోఈ3 విధానంలో సముద్ర పరిశోధన కూడా ఒక అంశం కాబట్టి ఇది మంచి అదను అన్నారు. 1999లో హైదరాబాద్‌లో జీనోమ్ వ్యాలీ అని మొదలుపెట్టి టీకాలకి పేరు తెచ్చుకున్నాం, సముద్రానికి అలాంటిది విశాఖలో ఎందుకు ఉండకూడదు అన్నారు.

నిజానికి ఎందుకు ఉండకూడదు? నాకు ఆ ఆలోచన నచ్చింది. స్లైడ్ల మీద విన్నవి కాకుండా నాకు తెలిసినవే లెక్కేసుకున్నాను. విశాఖలో సీఎంఎఫ్ఆర్ఐ కేంద్రం ఉంది, సిఫ్ట్ కేంద్రం ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, వైద్య పరికరాలు చేసే మెడ్‌టెక్ జోన్ ఉంది. 1980ల చివర్లోనే ఎంపెడా ఇక్కడ టాస్పార్క్ పేరుతో రొయ్య పిల్లల హేచరీ పెట్టింది. దక్షిణాన బంగారమ్మపాలెంలో ఎంపెడాకి చెందిన ఆర్‌జీసీఏ తల్లి రొయ్యల్ని పెంచే కేంద్రం నడుపుతోంది. భీమిలి వైపు హేచరీల వరస. ఇంకా కావాలంటే పశ్చిమాన నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయం. ముక్కలన్నీ ఉన్నాయి. ఒక బల్ల మీదకి రాలేదు, అంతే.

రొయ్య పొట్టు గురించి ఒకాయన బాగా చెప్పారు. ప్రాసెసింగ్‌లో తల, పొట్టు కలిపితే రొయ్య బరువులో దాదాపు సగం పోతుంది. ఆ పొట్టులో కైటిన్ ఉంటుంది. యాసిడ్‌తో సున్నపు పదార్థం తీసి, క్షారంతో మాంసకృత్తులు తీసి, ఇంకా గాఢమైన క్షారంలో ఉడికిస్తే కైటోసాన్ వస్తుంది. దానితో చేసిన కట్టు గాయం మీద పెడితే రక్తం త్వరగా గడ్డకడుతుంది. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో అమెరికా సైన్యం అలాంటి కట్లు వాడింది. భీమవరం షెడ్లలో తెల్లవారుజాము నుంచి చల్లనీళ్ళలో చేతులు పెట్టి తలలు తీసే ఆడవాళ్ళ వేళ్ళు నాకు గుర్తొచ్చాయి. ఆ వేళ్ళకి ఎప్పుడూ పొట్టు గుచ్చుకుని గాట్లుంటాయి. గాయాన్ని ఆపే మందు అదే పొట్టులో ఉందని వాళ్ళకి ఎవరైనా చెప్పారో లేదో.

యాసిడ్ నీళ్ళు, క్షారం నీళ్ళు ఎక్కడికి పోతాయని ఎవరో అడిగారు. సముద్రం పక్కనే గదా అని ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కొల్లేటికి కూడా ఒకప్పుడు అందరూ అలాగే అన్నారు.

మర్నాడు భీమిలి వైపు ఒక హేచరీ చూపించారు. తల్లి రొయ్యలుండే గది చీకటిగా ఉంటుంది. ఆడ రొయ్య ట్యాంకులో త్వరగా గుడ్లకి రావడానికి ఒక కంటికాడని తీసేస్తారు. గుడ్లు ఎదగకుండా ఆపే హార్మోను ఆ కంటికాడలో తయారవుతుంది కాబట్టి. పుస్తకంలో ఎన్నోసార్లు చదివాను, పరీక్షలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను. చూడటం అదే మొదలు. ఒకమ్మాయి, నా వయసే ఉంటుంది, తల్లి రొయ్యని నీళ్ళలోనే మెత్తగా పట్టుకుని పట్టకారు బిగించింది. రెండు సెకన్లు. రొయ్య ఒక్కసారి విదిలించుకుంది. అలాంటి ఒక్కో తల్లి ఒక్కో విడతకి లక్షకి పైగా గుడ్లు పెడుతుంది.

పక్క గదిలో అప్పుడే పొదిగిన నాప్లిలు. ట్యాంకు అంచున లైటు పెడితే బలంగా ఉన్నవన్నీ ఆ వెలుతురు వైపు గుంపుగా వస్తాయి. వాటినే తీసుకుంటారు, రానివాటిని వదిలేస్తారు. అక్కడి నుంచి జోయియా, మైసిస్, పీఎల్. ఒక్కో దశకి ఒక్కో తిండి. ముందు కంటికి కనపడని నాచు, దాన్ని సీసాల్లో, సంచుల్లో, ట్యాంకుల్లో పెంచుతారు. తర్వాత ఆర్టీమియా. డబ్బా మీద అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ పేరుంది.

అక్కడ నిలబడి అనుకున్నాను, వీళ్ళు కట్టాలనుకుంటున్న క్లస్టర్ ఇదే గదా, ఇప్పటికే నడుస్తోంది గదా అని. తల్లి హవాయిది, తిండి యూటాది, పరీక్షకి వాడే ఎంజైమ్ ఎల్లోస్టోన్‌ది, కొనేవాడు అమెరికావాడు. వాళ్ళు 2025 ఆగస్టులో సుంకం 50 శాతానికి ఎక్కిస్తే ఇక్కడ చెరువుగట్టు మీద ధర పడింది. ఈ గొలుసులో చెరువు, కరెంటు బిల్లు, ఆ పట్టకారు పట్టుకున్న అమ్మాయి చెయ్యి, నష్టం మనవి.

*

తిరిగి వచ్చేటప్పుడు ఏలూరులో దిగి ఇంటికి వెళ్ళాను. బాబాయ్ మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఏంటమ్మడూ, వైజాగులో ఏం జెప్పారు?" అన్నాడు.

క్లస్టర్ గురించి చెప్పాను. "క్లస్టరంటే?"

తెలుగులో ఏమనాలో తోచలేదు. ఎదురుగా పామాయిల్ గెలలు వేసుకుని ట్రాక్టరు పోతోంది. "గెల అనుకో," అన్నాను.

బాబాయ్ కాసేపు ఆలోచించాడు. "గెలకి కాడ ఉంటది గదా. దీనికి కాడేది?"

ఆయన తమాషాకి అన్నాడో ఏమో గానీ నేను ఆ రాత్రి దాని గురించే ఆలోచించాను. మా మెట్టలో నిజంగానే ఒక క్లస్టర్ ఉంది, దాన్ని మేమెవరం ఆ పేరుతో పిలవం. పెదవేగిలో 1995లో పెట్టిన ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది, ఫ్యాక్టరీ ఉంది, నర్సరీలున్నాయి, చుట్టూ తోటలున్నాయి. ఇక్కడా విత్తనం చాలాకాలం కోస్టారికా నుంచి, మలేషియా నుంచి వచ్చిందే. కానీ ఒక తేడా ఉంది. 1993లో ఉమ్మడి రాష్ట్రంలో ఆయిల్ పామ్‌కి ఒక చట్టం చేశారు. ఏ మండలం ఏ ఫ్యాక్టరీకో జోను వేశారు. ఆ జోనులో రైతు గెలలు ఆ ఫ్యాక్టరీ కొని తీరాలి. ధరని గెలలోంచి ఎంత శాతం నూనె వస్తుందన్న ఓఈఆర్ లెక్క కట్టి ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఆ శాతం మీద ప్రతి ఏడూ గొడవే. మా వూరి టీకొట్లో ఓఈఆర్ గురించి మాట్లాడని పామాయిల్ రైతు లేడు. ధర్నాలు చేస్తారు, తిట్టుకుంటారు. అయినా గొడవపడటానికి ఒక అంకె ఉంది, ఎదుటివైపు ఒక మనిషి ఉన్నాడు. తెచ్చిన గెల మాది కాదని అనడానికి ఎవరికీ వీల్లేదు.

బాబాయ్ అడిగిన కాడ అదే. ఎవరి మీద ఏ బాధ్యత ఉందో రాసిపెట్టిన కట్టు.

రొయ్యకీ చట్టాలు లేకపోలేదు. సీడ్ నాణ్యత కోసం 2006లోనే రాష్ట్ర చట్టం వచ్చింది. కానీ చెరువుగట్టు మీద అసలు ప్రశ్న వేరే. ఆ 22 శాతం ఎవరిది? శాస్త్రం నిజాయితీగా "ఇంతవరకే చెప్పగలను" అన్న చోట మొదలయ్యే నష్టాన్ని ఎవరు మోయాలి? ఇప్పటికైతే అది జారి జారి అందరికన్నా కిందున్నవాడి మీద ఆగుతోంది. మెట్ట నుంచి పల్లానికి నీళ్ళు దిగినట్టే.

విశాఖలో క్లస్టర్ రావాలనే నా కోరిక. నాలాంటివాళ్ళకి అక్కడ ఉద్యోగాలు వస్తాయి, అదొక స్వార్థం. హవాయి మీద ఆధారపడకుండా మన తల్లి రొయ్యలు మనకి ఉండాలి. చెన్నైలోని సీబా మన తీరపు తెల్ల రొయ్యని సాగుకి మెరుగుపరిచే పని చేస్తోంది, అలాంటివి ఇంకా పెరగాలి. పొట్టు మందవ్వాలి. వాటన్నిటితో పాటు నా కోరికలు ఇంకో మూడున్నాయి, హాల్లో లేచి చెప్పడానికి ధైర్యం చాలలేదు. శాంపిల్‌ని అమ్మేవాడూ కొనేవాడూ కాని మూడోమనిషి పట్టాలి. ఏ ట్యాంకు పిల్ల ఏ చెరువుకి వెళ్ళింది, అక్కడ ఏమైంది అన్నది ఒకచోట రాసి ఉండాలి, అందరికీ కనపడాలి. అప్పుడు సీడా మట్టా అన్న తగువు ఒక్క చెరువులో తేలకపోయినా వంద చెరువుల లెక్కలో తేలుతుంది. మూడోది, నెగటివ్ అని రాసి కూడా రోగం వచ్చినప్పుడు ఆ నష్టంలో హేచరీ నుంచి ఎగుమతిదారు దాకా తలా కొంత వేసుకునే నిధి ఉండాలి. ల్యాబు కూడా. మేము కూడా.

ఇవి లేకుండా ఎన్ని అద్దాల మేడలు కట్టినా నా కంటికి అవి పక్కపక్కన నిలబడ్డ భవనాలే.

*

భీమవరం తిరిగొచ్చాక ఒక చిన్న పని చేశాను. రిపోర్టు కింద తెలుగులో రెండు వాక్యాలు చేర్చాలని మా ఓనర్‌గారిని అడిగాను. "ఈ ఫలితం మేము పరీక్షించిన 150 పిల్లలకి సంబంధించినది. ట్యాంకులో నూటికి రెండు కన్నా తక్కువ పిల్లలకి రోగం ఉంటే ఈ పరీక్షకి దొరక్కపోవచ్చు." ఆయన చదివి, "ఇట్టా రాస్తే మన దగ్గరికి ఎవడొస్తాడమ్మా? పక్క ల్యాబుకి పోతారు," అన్నారు. ఆయన అన్నదీ నిజమే. నెల తర్వాత, చిన్న అక్షరాల్లో అయితే సరే అన్నారు. చిన్న అక్షరాల్లోనే ఉంది ఇప్పుడు. కొందరు చదువుతున్నారు. ఇద్దరు వేరే ల్యాబుకి వెళ్ళారు.

బాబాయ్ మానేస్తాడనుకున్నాను. లీజు ఇంకా ఏడాది ఉంది, మానేస్తే ఆ డబ్బూ పోతుంది. ఈసారి చెరువు పగుళ్ళు తీసేదాకా ఎండగట్టాడు. సున్నం చెప్పినంత వేయించాడు, గట్టు మీద నిలబడి బస్తాలు లెక్కపెట్టుకున్నాడట. పిల్ల సగమే వేస్తానన్నాడు. సీడ్ కొనేముందు ఫోన్ చేశాడు.

"అమ్మడూ, నూటికి ఒకటుంటే కూడా దొరకాలంటే ఎన్ని చూడాలే?"

"మూడొందలు బాబాయ్. అప్పుడు కూడా నూటికి తొంభై అయిదే. నూటికి నూరు ఎవరం చెప్పలేం."

"మిగతా అయిదు?"

నేనేమీ అనలేదు.

"సర్లే, అది నేను చూసుకుంటాలే," అన్నాడు. "నువ్వు మాత్రం ఏజెంటుతో కాకుండా నువ్వే వచ్చి పట్టు."

ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కి తీరానికి వెళ్ళాను. ట్యాంకు నాలుగు మూలలా, మధ్యలో, అడుగున, పైన వల వేసి పట్టాను. తెల్లటి గిన్నెలో పోసి లెక్కపెడుతుంటే పక్కన హేచరీ కుర్రాడు ఆశ్చర్యంగా చూశాడు. "మేడం, ఎవరూ ఇన్ని లెక్కపెట్టరు," అన్నాడు. కనురెప్ప వెంట్రుకంత ఉన్నాయి ఒక్కొక్కటీ. లెక్క మధ్యలో తప్పింది, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.